నాడీతంతువు లావు, మయలిన్ తొడుగు మందం: యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం



యల్లాప్రగడ సుబ్బారావు పేరిట జరిగే ఉపన్యాసానికి నాడుల విషయం ఎంచుకోవడానికి తగిన కారణమే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి, జీవపదార్థాల్లోని భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వారికి దొరికాయి. నాడి ఒక సంకేతాన్ని పంపి మళ్లీ సిద్ధం కావడానికి ఖర్చు పెట్టేది ఆ ఏటీపీనే. నాడీతంతువు చుట్టూ తొడుగుగా ఉండే మయలిన్‌లో భాస్వరంతో కూడిన కొవ్వులు ముఖ్యమైన భాగం. తర్వాతి తరాల ప్రయోగశాలలు అలాంటి కొవ్వులను లెక్కగట్టింది ఫిస్క్-సుబ్బారావు పద్ధతితోనో, దానికి చేసిన సవరణలతోనో. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. పర్నిషస్ అనీమియా అనే రక్తహీనత ఉన్న రోగుల్లో ఆ మందు రక్తాన్ని బాగుచేసింది కాని, వెన్నుపాములో మయలిన్ దెబ్బతినడాన్ని ఆపలేకపోయింది. దానికి విటమిన్ బి12 కావాలని ఆ దశకం ముగిసేలోగా తేలింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. ఆయన పరిశోధన కొలత దగ్గరే మొదలైంది. ఈ ఉపన్యాసంలోని కథ కూడా కొలతతోనే మొదలవుతుంది.

క్షీరదాల నాడుల్లో లావైన తంతువులకు మయలిన్ తొడుగు ఉంటుంది, బాగా సన్నవాటికి ఉండదు. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఈ మాట కనిపిస్తుంది. కాని లావే తొడుగుకు కారణమా? లావుతో పాటు వచ్చే మరొకటేదైనా కారణమా? తొడుగు పడటం వల్లనే తంతువు లావెక్కుతుందా? ఎన్ని వేల తంతువులను కొలిచినా ఈ ప్రశ్నలకు జవాబు రాలేదు. లావును దాని వెంట ఉండే తక్కిన లక్షణాల నుంచి విడదీసిన ప్రయోగాలే జవాబిచ్చాయి. ఆ జవాబు చేతుల్లో కాళ్లలో ఉండే నాడులకు ఒక విధంగా, మెదడుకు వెన్నుపాముకు మరో విధంగా ఉంది. ఈ ఉపన్యాసం నిరూపించదలచింది ఇదే. ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం అమెరికా గడ్డ మీద జరిగినవే.

1. తంతువు, తొడుగు

నాడీకణం నుంచి దూరానికి సాగే పొడవాటి తంతువును ఆక్సాన్ అంటారు. మనిషి వెన్నుపాము కింది భాగంలో బయలుదేరిన ఒకే ఆక్సాన్ పాదం కండరాల దాకా దాదాపు మీటరు పొడవు వెళుతుంది. వ్యాసం మాత్రం మైక్రాన్లలో ఉంటుంది, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో. అతి సన్నని ఆక్సాన్ల వ్యాసం 0.2 మైక్రాన్ల దగ్గర ఉంటే, అతి లావైన తంతువులది తొడుగుతో కలిపి 20 మైక్రాన్ల దాకా ఉంటుంది. ఒకే నాడిలో, పక్కపక్కనే, ఇంత తేడా ఉన్న తంతువులు ఉంటాయి.

తొడుగును ఆక్సాన్ తయారుచేసుకోదు, పక్కనున్న సహాయక కణాలు తయారుచేస్తాయి. మెదడు, వెన్నుపాము వెలుపల ఆ పని ష్వాన్ కణాలది, లోపల ఆలిగోడెండ్రోసైట్లది. ఆ తొడుగు ఎలా ఏర్పడుతుందో 1954లో బోస్టన్‌లో బెట్టీ గెరెన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపింది. కోడిపిల్ల పిండాల నాడుల్లో ష్వాన్ కణపు పలుచని పొర ఆక్సాన్ చుట్టూ చాప చుట్టలా చుట్టుకుంటూ పోతుందని ఆమె గుర్తించింది. చుట్ల మధ్య ఉన్న కణద్రవం బయటికి పిండుకుపోతే, కొవ్వు నిండిన పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అదే మయలిన్. క్షీరదాల్లోనూ జరిగేది ఇదే. వెన్నుపాములో ఈ పని చేసేది ఆలిగోడెండ్రోసైట్లేనని 1960ల మొదట్లో మేరీ బంజ్, రిచర్డ్ బంజ్ దంపతులు, వారి సహచరులు పిల్లుల మీద చేసిన అధ్యయనాలతో స్థిరపడింది.

ఈ రెండు రకాల కణాల మధ్య ఒక తేడా ఉంది. శ్రోతలు దాన్ని గుర్తుంచుకోవాలి, ముందు ముందు అవసరమవుతుంది. ఒక ష్వాన్ కణం ఒక ఆక్సాన్ మీద ఒక ముక్క తొడుగు మాత్రమే చుడుతుంది. ఒక ఆలిగోడెండ్రోసైట్ చేతులు చాచి, పదుల సంఖ్యలో ఆక్సాన్ల మీద ఒక్కో ముక్క చుట్టగలదు. సన్న ఆక్సాన్ల సంగతి వేరు. బయటి నాడుల్లో అవి కొన్ని కలిసి ఒకే ష్వాన్ కణపు ముడతల్లో ఒదిగి ఉంటాయి. వాటికి రక్షణ దొరుకుతుంది కాని చుట్ల తొడుగు దొరకదు. ఎదిగే పిండంలో ష్వాన్ కణాలు ఆక్సాన్ల గుంపులోకి చొరబడి, లావైనవాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసి, ఒక్కో కణానికి ఒక్కటి చొప్పున పంచుకుంటాయి. సన్నవి గుంపుగానే మిగిలిపోతాయి. లావుకు తొడుగుకు ఉన్న సంబంధం పుట్టేది ఈ పంపకంలోనే.

తొడుగు ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్న ఖాళీని రాన్వియర్ కణుపు అంటారు. తంతువు లావైన కొద్దీ కణుపుల మధ్య దూరం కూడా పెరుగుతుంది. స్థూలంగా అది తంతువు వ్యాసానికి 100 రెట్లు.

2. వేగానికి లావు అవసరం

మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ అర్లాంజర్, హెర్బర్ట్ గాసర్ 1922లో నాడీ సంకేతాన్ని క్యాథోడ్ కిరణ నాళం మీద చూడగలిగారు. అంతకు ముందున్న పరికరాల ముళ్లు, తీగలు బరువైనవి. వెయ్యో వంతు సెకనులో పుట్టి పోయే సంకేతం వెంట అవి కదలలేకపోయేవి. ఎలక్ట్రాన్ పుంజానికి ఆ బరువు లేదు. ఒక నాడిని ఒక చివర ప్రేరేపించి కొంత దూరంలో పరిశీలిస్తే, ఒకటిగా బయలుదేరిన సంకేతం అనేక అలలుగా విడిపోయి చేరుతోందని వారికి కనిపించింది. ఒక్కో అల ఒక్కో పరిమాణపు తంతువులదని, లావైనవి ముందు, సన్నవి వెనుక వస్తున్నాయని 1927లో వివరించారు. ఎ, బి, సి అనే తంతువుల వర్గాలు ఆ పని నుంచే వచ్చాయి. ఇద్దరికీ 1944 నోబెల్ బహుమతి దక్కింది.

క్షీరదాల్లో అతి వేగమైన ఎ తంతువులు సెకనుకు 100 మీటర్లకు పైగా సంకేతాన్ని తీసుకుపోతాయి. తొడుగు లేని సి తంతువుల వేగం సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లు. ఈ తేడా అనుభవంలో లేనివారు ఉండరు. చీకట్లో కాలి వేలు మంచం కోడుకు తగిలితే, ముందు చురుక్కుమంటుంది, ఒక క్షణం ఆగి మంట లేస్తుంది. మొదటిది పలుచని తొడుగున్న సన్న ఎ తంతువులు తెచ్చిన కబురు. రెండోది సి తంతువులది. మీటరు దారి నడవడానికి దానికి సెకను పడుతుంది.

తొడుగు లేని తంతువులో వేగం వ్యాసపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే తంతువు నాలుగు రెట్లు లావు కావాలి. తొడుగున్న తంతువులో వేగం వ్యాసంతో నేరుగా పెరుగుతుంది. పిల్లి నాడుల మీద 1939లో అమెరికాలో హర్ష్ వేసిన లెక్క ప్రకారం, లావైన తంతువుల్లో ప్రతి మైక్రాన్‌కు సెకనుకు సుమారు 6 మీటర్లు. స్క్విడ్ అనే సముద్రజీవికి మయలిన్ లేదు. దాని పెద్ద ఆక్సాన్ అర మిల్లీమీటరు లావుండి కూడా సెకనుకు 25 మీటర్ల దగ్గరే ఆగుతుంది. ఆ దారిలోనే సెకనుకు 100 మీటర్లు సాధించాలంటే ఒక్క ఆక్సాన్ 8 మిల్లీమీటర్లు ఉండాలి. మనిషి కాలికి వెళ్లే ఒక్క నాడిలో వేల తంతువులు ఉన్నాయి. ఆ లావున అవి కాలిలో ఇమిడే మాటే లేదు.

తొడుగున్న చోట సంకేతం కణుపు నుంచి కణుపుకు పోతుంది, అయాన్లు ఎక్కువగా కణుపుల దగ్గరే లోపలికి బయటికి కదులుతాయి. వాటిని తిరిగి తోడిపోయడానికి పట్టే ఏటీపీ ఆ మేరకు తగ్గుతుంది. వేగం, చోటు, శక్తి మూడూ కలిసివచ్చే ఏర్పాటు ఇది.

అలాంటప్పుడు అన్ని తంతువులకూ తొడుగు ఎందుకు లేదు? 1951లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం రష్టన్ దీనికి సిద్ధాంతరీత్యా జవాబిచ్చాడు. ఒకటి వర్గమూలాన్ని బట్టి, మరొకటి నేరుగా పెరిగితే, రెండు రేఖలూ ఎక్కడో ఒకచోట కలుసుకోక తప్పదు. ఆ చోటు 1 మైక్రాన్ దగ్గర ఉంటుందని ఆయన లెక్క. అంతకంటే సన్నగా ఉంటే తొడుగు వల్ల వేగం పెరగదు. బయటి నాడుల్లో తొడుగు మొదలయ్యేదీ దాదాపు అక్కడే. అయితే మెదడులో అంతకంటే చాలా సన్నని ఆక్సాన్లకు కూడా తొడుగు ఉంది. 1972లో స్టీఫెన్ వాక్స్‌మన్, మైకేల్ బెనెట్ లెక్కలను తిరగదోడి, కేంద్ర నాడీవ్యవస్థలో, అంటే మెదడు వెన్నుపాముల్లో, 0.2 మైక్రాన్ల దాకా తొడుగు వేగాన్ని పెంచగలదని వాదించారు. మెదడులో కనిపించే వాస్తవానికి ఇది సరిపోయింది.

వేగపు లెక్క ప్రయోజనాన్ని చెబుతుంది, పద్ధతిని చెప్పదు. ష్వాన్ కణానికి వర్గమూలాలు తెలియవు. తన ఎదుట ఉన్న ఆక్సాన్ 1 మైక్రాన్ దాటిందని అది దేన్ని బట్టి గుర్తిస్తుంది? తక్కిన ఉపన్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

3. కొలతలు చెప్పినంత

1905లోనే డొనాల్డ్‌సన్, హోక్ అనే అమెరికన్ పరిశోధకులు వెన్నెముక ఉన్న అనేక జీవుల నాడులను అడ్డంగా కోసి చూసి, ఆక్సాన్ వైశాల్యం, దాని తొడుగు వైశాల్యం దాదాపు సమానంగా ఉంటాయని రాశారు. ఆక్సాన్ వ్యాసాన్ని మొత్తం తంతువు వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఇప్పుడు జీ నిష్పత్తి అంటున్నారు. వైశాల్యాలు రెండూ సమానమైతే ఆ సంఖ్య 0.7. సంకేతం అతి వేగంగా పోవడానికి 0.6 చుట్టుపక్కల ఉండాలని రష్టన్ సిద్ధాంతం చెప్పింది. బయటి నాడుల్లో నిజంగా దొరికే విలువలు 0.6కూ 0.7కూ మధ్యన ఎక్కువ. కాగితం మీద వేసిన లెక్కకూ సూక్ష్మదర్శినిలో కనిపించే నాడికీ ఇంత పొందిక జీవశాస్త్రంలో తరచుగా దొరికేది కాదు.

1934లో డోనాల్డ్ డంకన్ వెన్ను నాడుల మూలాల్లోని తంతువులను కొలిచి, తొడుగు మొదలయ్యే గీత 1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఉందని, తొడుగు పడటానికి వ్యాసమే ముఖ్యమని ప్రకటించాడు. అప్పటి కాంతి సూక్ష్మదర్శినికి అతి పలుచని తొడుగు కనిపించదు కాబట్టి సందేహాలు మిగిలాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక చుట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం వీలైంది. ఎలుకజాతి జంతువుల నాడుల్లో చుట్ల సంఖ్య ఆక్సాన్ చుట్టుకొలతతో పాటు పెరుగుతుందని ఫ్రీడే, సమొరాయ్‌స్కీ 1967లో చూపారు. 1972లో ఫ్రీడే ఒక అడుగు ముందుకు వేసి, మయలిన్ ఏర్పాటును ఆక్సాన్ పరిమాణమే నియంత్రిస్తుందని పేరులోనే చెప్పే వ్యాసం ప్రచురించాడు.

ఇంత దాకా వచ్చినా తేలనిది ఒకటి ఉంది. లావైన ఆక్సాన్ లావుగా మాత్రమే ఉండదు. దాని కణదేహం పెద్దది, అది చేరే కండరమో చర్మభాగమో పెద్దది, దాని పొర మీద ఉండే అణువులు ఎక్కువ. వీటిలో ఏది ష్వాన్ కణాన్ని కదిలిస్తోందో ఎన్ని కొలతలు పోగు చేసినా తెలియదు. పైగా గీత స్పష్టంగా లేదు. ఒకే లావున్న ఆక్సాన్లలో కొన్నిటికి తొడుగు ఉండి, కొన్నిటికి లేని మధ్య ప్రాంతం ఒకటి ప్రతిచోటా కనిపించింది. మెదడులో ఆ ప్రాంతం ఇంకా వెడల్పు.

4. నిర్ణయం ఆక్సాన్‌దే

లావు సంగతి తేల్చే ముందు, తొడుగు పడాలా వద్దా అనే నిర్ణయం ఆక్సాన్‌దా, ష్వాన్ కణానిదా అన్నది తేలాలి. తొడుగు చుట్టే ష్వాన్ కణాలది ఒక జాతి, చుట్టనివాటిది మరో జాతి అయితే ఆక్సాన్ లావుకు పెద్ద ప్రాధాన్యం ఉండదు.

1970ల నడుమ ఈ ప్రశ్నను నాడులను తెంచి అతికించడం ద్వారా పరీక్షించారు. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో వైన్‌బర్గ్, స్పెన్సర్, కెనడాలోని మాంట్రియల్‌లో అగ్వాయో బృందం దాదాపు ఒకే కాలంలో ఈ పని చేశారు. తొడుగు లేని తంతువులతో నిండిన నాడిలోకి, తొడుగుండే ఆక్సాన్లు పెరిగేలా చేశారు. తెగిన నాడిలో పాత ఆక్సాన్లు నశించినా ష్వాన్ కణాలు మిగులుతాయి, కొత్త ఆక్సాన్లు వాటి మధ్యకే పెరుగుతాయి. అంతకు ముందు ఎప్పుడూ మయలిన్ చుట్టని ష్వాన్ కణాలు కొత్త ఆక్సాన్లకు మయలిన్ చుట్టాయి. చుట్టింది ఆ నాడిలోని పాత కణాలేనని, వేరే చోటి నుంచి వలస వచ్చినవి కావని మాంట్రియల్ బృందం రేడియోధార్మిక గుర్తులతో రుజువు చేసింది.

కేంద్ర నాడీవ్యవస్థలో ఇంత కోత కూడా అవసరం కాలేదు. ఒక ఆలిగోడెండ్రోసైట్ చాలా ఆక్సాన్ల మీద తొడుగు చుడుతుందని ఇంతకు ముందు చెప్పుకున్నాం. అదే కణం లావైన ఆక్సాన్ మీద మందంగా, పక్కనున్న సన్న ఆక్సాన్ మీద పలుచగా చుడుతుందని 1984లో వాక్స్‌మన్, సిమ్స్ చూపారు. చుట్టే కణం ఒక్కటే, చుట్టే కాలమూ ఒక్కటే. మారింది ఆక్సాన్ మాత్రమే.

5. లావును మార్చి చూడటం, లావును మార్చకుండా చూడటం

ఆక్సాన్‌దే నిర్ణయమని తేలాక, ఆ ఆక్సాన్‌లో ఏ లక్షణం అన్నది మిగిలింది. జేమ్స్ వొయ్‌వొడిక్ 1989లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చాలా విలువైనది. ఎలుక లాలాజల గ్రంథికి వెళ్లే సింపథెటిక్ ఆక్సాన్లు సన్నవి, మామూలుగా వాటికి తొడుగు ఉండదు. ఒక్కో నాడీకణం వంతుకు వచ్చే లక్ష్యపు పరిమాణం పెరిగేలా ఆయన చేశాడు. ఆక్సాన్లు లావెక్కాయి, వాటిలో చాలావాటికి మయలిన్ పడింది. జన్యువులను మార్చలేదు, ష్వాన్ కణాలను ముట్టలేదు. లక్ష్యం పెరిగితే ఆక్సాన్ పెరిగింది, ఆక్సాన్ పెరిగితే తొడుగు వచ్చింది.

ఇంతటితో లావే కారణమని తీర్పు చెప్పడానికి మనసు తొందరపడుతుంది. కాని లావు పెరిగినప్పుడు ఆక్సాన్ పొర మీది అణువులు కూడా పెరిగి ఉండవచ్చు. ఆ ముడి విప్పింది న్యూరెగ్యులిన్-1 అనే ప్రొటీన్. అందులో మూడో రకం ఆక్సాన్ పొరకు అంటుకుని ఉండి, తాకిన ష్వాన్ కణానికి సంకేతం ఇస్తుంది. 2004లో జర్మనీలోని గాటింగన్‌లో క్లాస్-ఆర్మిన్ నావె బృందం ఈ ప్రొటీన్ సగానికి తగ్గిన ఎలుకల్లో తొడుగు పలుచబడిందని, నాడీకణాల్లో దీన్ని ఎక్కువ చేస్తే ఆక్సాన్ లావు మారకుండానే తొడుగు మందమైందని కనుగొంది. మరుసటి సంవత్సరం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కార్లా తవెజ్జియా, జేమ్స్ సాల్జర్, వారి సహచరులు ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. మామూలుగా తొడుగు లేని సింపథెటిక్ నాడీకణాలను పాత్రలో పెంచి, వాటిచేత ఈ ప్రొటీన్‌ను బలవంతంగా తయారుచేయించారు. ష్వాన్ కణాలు వాటికి మయలిన్ చుట్టాయి. ప్రొటీన్ అసలే లేని నాడీకణాలకు చుట్టలేదు.

బయటి నాడుల వరకు తీర్పు స్పష్టం. ష్వాన్ కణం కొలిచేది ఆక్సాన్ వ్యాసాన్ని కాదు, ఆక్సాన్ పొర మీద తనకు అందే న్యూరెగ్యులిన్ మొత్తాన్ని. మామూలు పరిస్థితుల్లో లావైన ఆక్సాన్ అందించే మొత్తం ఎక్కువ కాబట్టి లావుకూ తొడుగుకూ అంత పొందిక కనిపిస్తుంది. డంకన్ కొలతలు తప్పు కావు. ఆయన కొలిచింది కారణం వెంట నడిచే గుర్తును.

6. మెదడులో లావే చాలు

ఇదే ప్రొటీన్ మెదడులోనూ ఇదే పని చేస్తుందని చాలామంది ఆశించారు. 2008లో నావె బృందమే నాడీకణాల్లో న్యూరెగ్యులిన్-1ను తొలగించి చూసింది. కేంద్ర నాడీవ్యవస్థలో మయలిన్ యథాప్రకారం ఏర్పడింది. అంటే ఆలిగోడెండ్రోసైట్ మరో విధంగా పనిచేస్తోంది.

ఆ విధానం ఏమిటో కాలిఫోర్నియాలో బయటపడింది. 2008లో జోనా చాన్ బృందం రసాయనంతో స్థిరపరచిన, అంటే ప్రాణం పోయిన ఆక్సాన్ల మీద కూడా ఆలిగోడెండ్రోసైట్లు మయలిన్ చుడతాయని చూపింది. చచ్చిన ఆక్సాన్ కొత్తగా ఏ సంకేతమూ పంపలేదు. అయినా దాని పొర మీద పాత అణువులు మిగిలి ఉండవచ్చు. ఆ సందేహాన్నీ తీర్చడానికి, 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అదే బృందం ఆక్సాన్‌నే పూర్తిగా తీసేసింది. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో రకరకాల వ్యాసాల్లో అతి సన్నని పోగులు తీసి, వాటి మధ్య ఆలిగోడెండ్రోసైట్లను పెంచింది. 0.4 మైక్రాన్ల కంటే సన్నని పోగులను ఆ కణాలు పట్టించుకోలేదు. అంతకంటే లావైనవాటి మీద పొరలు చుట్టాయి.

ఈ ప్రయోగం దగ్గర కాస్త ఆగాలి. లావును తక్కిన అన్ని లక్షణాల నుంచి విడదీయడం అంటే ఇదే. ప్లాస్టిక్ పోగుకు కణదేహం లేదు, లక్ష్యం లేదు, న్యూరెగ్యులిన్ లేదు, విద్యుత్ సంకేతం లేదు. ఉన్నది వ్యాసం ఒక్కటే. డంకన్ 1934లో వ్యాసమే ముఖ్యమని అన్న మాటకు పూర్తి రుజువు 78 ఏళ్ల తర్వాత దొరికింది. అది దొరికింది ఆయన కొలిచిన వెన్ను నాడుల మూలాల విషయంలో కాదు, మెదడు కణాల విషయంలో.

అయితే లావు చాలినంత మాత్రాన లావు ఒక్కటే నడిపిస్తుందని కాదు. నాడీకణపు దేహం, దాని కొమ్మలు కూడా 0.4 మైక్రాన్ల కంటే లావైనవే, కాని వాటి మీద మయలిన్ పడదు. ఆ భాగాల్లో జామ్-2 అనే ప్రొటీన్ ఆలిగోడెండ్రోసైట్లను దూరంగా ఉంచుతుందని చాన్ బృందం 2016లో తెలిపింది. 2014లో హార్వర్డ్‌లో పావొలా అర్లోటా బృందం ఎలుక మెదడు పైపొరలో, ఒకే ఆక్సాన్ మీద కొంత దూరం తొడుగు ఉండి, తర్వాత చాలా దూరం లేకుండా, మళ్లీ మొదలయ్యే తంతువులను చూసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజె బృందం మేల్కొని తిరుగుతున్న ఎలుకల మెదడులో ఎంచిన నాడీకణాలను కాంతితో ప్రేరేపిస్తే ఆ దారిలో మయలిన్ మందమవుతుందని చూపింది. వీటన్నిటినీ కలిపి చూస్తే, మెదడులో వ్యాసం ఒక అర్హత. అది ఉన్నచోట ఆలిగోడెండ్రోసైట్ చుట్టగలదు. చుట్టకుండా ఆపేవి, ఇంకా చుట్టమని పురికొల్పేవి వేరే ఉన్నాయి.

7. తొడుగు ఆక్సాన్‌ను లావు చేయడం

ఇంతవరకు ఆక్సాన్ నుంచి తొడుగు వైపే చూశాం. దారి రెండో వైపుకూ ఉంది. ఆక్సాన్ లోపల న్యూరోఫిలమెంట్లు అనే ప్రొటీన్ పోగులు నిండి ఉంటాయి. లావైన ఆక్సాన్ల వ్యాసం ముఖ్యంగా వాటి సంఖ్య మీద, వాటి మధ్య ఎడం మీద ఆధారపడుతుంది. ట్రెంబ్లర్ అనే ఎలుక జాతిలో ష్వాన్ కణాలు సరిగా మయలిన్ చుట్టలేవు. అలాంటి నాడి ముక్కను మామూలు ఎలుక నాడిలో అతికిస్తే, ఆక్సాన్ ఆ ముక్క గుండా పోయేంత మేరా సన్నగా ఉండి, దాటాక మళ్లీ లావెక్కుతుంది. మయలిన్ లేని చోట న్యూరోఫిలమెంట్లకు ఫాస్ఫేట్ అతకడం తగ్గి, అవి దగ్గరగా ముడుచుకుంటాయని 1992లో స్కాట్ బ్రేడీ బృందం డల్లస్ నుంచి తెలిపింది. కంటి నాడిలోనూ ఇదే. కంటి వెనుక ఆలిగోడెండ్రోసైట్లు లేని కొద్ది దూరం ఎలుక ఆక్సాన్లు సన్నగా ఉండి, ఆ కణాలు మొదలైన చోటి నుంచి లావెక్కుతాయి.

కాబట్టి ఎదిగిన జంతువు నాడిలో లావును, తొడుగును కొలిచి, దీనివల్ల అది వచ్చిందని చెప్పడం కుదరదు. కొంత లావు వచ్చాక తొడుగు పడుతుంది, తొడుగు పడ్డాక ఇంకా లావు వస్తుంది.

రోగుల విషయంలో ఈ సంబంధం చెడిపోవడమే కనిపిస్తుంది. షార్కో-మేరీ-టూత్ వ్యాధిలోని మొదటి రకంలో తొడుగు చెడిపోయి, ముంజేతి నాడిలో వేగం సెకనుకు 38 మీటర్ల కంటే తగ్గుతుంది. ఆరోగ్యవంతుల్లో అది సాధారణంగా 50 మీటర్లు దాటుతుంది. నాడీ పరీక్ష చేసే వైద్యులు రకాన్ని గుర్తించడానికి ఈ గీతనే వాడతారు. మెదడు, వెన్నుపాముల్లో తొడుగు చెడే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో దెబ్బతిన్న ఆక్సాన్ మీద మళ్లీ మయలిన్ పడినా, ఆ తొడుగు ఆక్సాన్ లావుకు తగినంత మందంగా ఉండదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బాగుపడిన చోటును గుర్తుపట్టేది ఆ పలుచదనాన్ని బట్టే.

ప్లాస్టిక్ పోగుల నుంచి వైద్యానికి ఒక దారి తెరుచుకుంది. చాన్ బృందం 2014లో పోగులకు బదులు సూక్ష్మమైన స్తంభాలు నిలిపి, వాటి చుట్టూ ఆలిగోడెండ్రోసైట్లు మయలిన్ చుట్టేలా చేసే మందుల కోసం వెదికింది. అలర్జీకి వాడే పాత మందు క్లెమాస్టిన్ అందులో నిలిచింది. 2017లో అదే విశ్వవిద్యాలయం 50 మంది మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల మీద చేసిన పరీక్షలో, కంటి నుంచి మెదడుకు సంకేతం చేరే ఆలస్యం ఒక్కో కంటికి 1.7 మిల్లీసెకన్లు తగ్గింది. తర్వాత వ్యాధి నిరంతరంగా ముదిరే రకం రోగుల మీద జరిగిన ఒక చిన్న పరీక్షలో, క్లెమాస్టిన్ తీసుకున్న కొందరిలో వైకల్యం మరింత వేగంగా పెరగడంతో ఆ మందును ఆపేయాల్సి వచ్చింది. ఈ సభలో ఉన్నవారి ఇళ్లలో ఈ వ్యాధి ఉన్నవారు ఎవరైనా ఉంటే, మందుల దుకాణంలో దొరుకుతుంది కదా అని క్లెమాస్టిన్‌ను సొంతంగా వాడకూడదు. మయలిన్‌ను తిరిగి పెంచే మందుల పరీక్షలు అమెరికాలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో సాగుతున్నాయి. వాటిలో చేరే వీలుందేమో నాడీవైద్యుణ్ని అడగడం మంచిది.